అటక మీది బీరు డబ్బా దించాక: సెమిలిగూడలో అల్లంతో మళ్లీ మొదలు

ఒడిశా కోరాపుట్ జిల్లాలోని మా సెమిలిగూడ వైపు "ఫలానావాడు ఇంట్లో కాస్తున్నాడట" అంటే ఏం కాస్తున్నాడని ఎవరూ అడగరు. సారా అనే అర్థం. న్యూజిలాండ్ నుంచి తెచ్చుకున్న 23 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఆరేళ్లపాటు మా అటక మీదే ఉండిపోవడానికి సగం కారణం ఆ మాటే. మిగతా సగం బద్ధకం.

అక్కడ ఉన్నప్పుడు రెండు నెలలకోసారి బీరు చేసేవాణ్ణి. ఆ దేశంలో సొంతానికి ఇంట్లో బీరు చేసుకోవడం చట్టబద్ధం. ఇక్కడి లెక్క వేరు. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల చేతిలోని అంశం. ఒడిశాకు 2008 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది, లైసెన్సు లేకుండా బీరు తయారుచేస్తే నేరం. "కొంచెమే కదా, ఇంటికే కదా" అనే వాదన పనిచేయదు. కాబట్టి ఇది ఒడిశాలో కూర్చుని దొంగచాటుగా బీరు ఎలా చేయాలో చెప్పే మార్గదర్శి కాదు. చేతికి పాత పని మళ్లీ రావాలి, డబ్బా, సీసాలు, చక్కెర ఎంతుందో చూపే హైడ్రోమీటర్ మళ్లీ వాడకంలోకి రావాలి, హద్దు మాత్రం దాటకూడదు. దానికి నేను ఎంచుకున్నది అల్లం బీరు. పేరులో బీరు ఉన్నా, పులియడాన్ని సరైన సమయంలో ఆపితే ఇది సోడా లాంటిదే. 2018 ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం 0.5 శాతం దాటితేనే ఆల్కహాల్ పానీయం. నేను ఆ గీతనే హద్దుగా పెట్టుకున్నాను. అనుమతి ఉన్న దేశంలో ఉండి అసలు బీరుకే తిరిగి వెళ్తున్నవాళ్లకు కూడా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది. మరిచిపోయేది రెసిపీని కాదు, కడగడాన్నీ కొలవడాన్నీ.

అల్లానికి మా ఊరు మంచి చోటు. సాలూరు ఘాట్ ఎక్కి సుంకి దాటితే వచ్చే పొట్టంగి నుంచి సెమిలిగూడ దాకా కొండవాలు పొలాల్లో అల్లమే. పొట్టంగిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఎత్తు ప్రాంత పరిశోధన కేంద్రం ఉంది. సుప్రభ, సురుచి, సురభి అనే అల్లం రకాలు అక్కడి నుంచి వచ్చినవే. కుందులి శుక్రవారం సంతలో మట్టి అంటుకున్న అల్లం కుప్పలుగా పోసి ఉంటుంది. మనకు కావలసింది అదే.

ముందు డబ్బా సంగతి

అటక మీది నుంచి దించగానే పులియబెట్టడానికి తొందరపడొద్దు. ఒక ఆదివారం మొత్తం సామాను చూసుకోవడానికే పెట్టుకోండి.

పారేయాల్సినవి ముందు పారేయండి. పాత ఈస్ట్ పొట్లాలు చచ్చి ఉంటాయి. హాప్స్ (బీరుకు చేదునిచ్చే ఎండు పువ్వులు) కవరు విప్పి వాసన చూశాను, మాసిన సాక్సు వాసన కొట్టింది. మాల్ట్ సిరప్, అంటే మొలకెత్తిన బార్లీ పాకం, డబ్బాలో నల్లబడి గడ్డకట్టింది. "ఖరీదు పెట్టి కొన్నానే" అని దాచుకుంటే ఆ ఖరీదుతో పాటు కొత్త సరుకూ పోతుంది. రబ్బరు వాషర్లను వంచి చూడండి. పగుళ్లు కనబడితే మార్చేయాలి. ప్లాస్టిక్ గొట్టం లోపల తెల్లగా మబ్బుపట్టినట్టుంటే దాన్ని కడిగి బాగుచేయలేం.

డబ్బా లోపలి గీతలు అన్నిటికన్నా ముఖ్యం. టార్చి వేసి చూడండి. ఎవరైనా స్టీలు పీచుతో తోమి ఉంటే ఆ సన్నగీతల్లో బ్యాక్టీరియా కాపురం పెడుతుంది, క్రిములు చంపే ఏ మందూ లోపలిదాకా పోదు. మా అమ్మ నా డబ్బాలో మూడేళ్లు బియ్యం పోసింది. అదృష్టం కొద్దీ తోమలేదు.

కడగడం వేరు, క్రిములు పోగొట్టడం వేరు. మురికి మీద ఎంత మందు పోసినా వృథా. ముందు గోరువెచ్చటి నీళ్లు, సువాసన లేని సబ్బు, మెత్తటి గుడ్డ. బాగా జాడించాక రెండో పని. ఆరేళ్ల నాటి క్రిముల మందు సీసాను నమ్మకుండా నేను మామూలు ఇంటి బ్లీచ్ వాడాను. 5 శాతం బ్లీచ్ అయితే లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు. పది నిమిషాలు నాననిచ్చి, కాచి చల్లార్చిన నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. సువాసన కలిపిన బ్లీచ్ వద్దు. ఇంకొక్క మాట గట్టిగా చెబుతున్నాను: బ్లీచ్‌లో వెనిగర్ గానీ నిమ్మరసం గానీ బాత్రూం యాసిడ్ గానీ కలపొద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

కొలిచే సామాను

థర్మామీటర్‌ను మరుగుతున్న నీటిలో పెట్టాను. 97 చూపించింది. పాడైపోయిందనుకుని పక్కన పెట్టేశాను. గంట తర్వాత గుర్తొచ్చింది, మేం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం. ఇక్కడ నీళ్లు మరిగేదే 97 దగ్గర. కోరాపుట్, సునాబెడా వాళ్లందరికీ ఇదే లెక్క. గుణుపురం, పర్లాకిమిడి వైపు కింద ఉన్నవాళ్లకు మాత్రం 100కు దగ్గరగా రావాలి.

హైడ్రోమీటర్ అంటే ద్రవంలో తేలే గాజుగొట్టం. చక్కెర ఎక్కువుంటే పైకి తేలుతుంది, అది పులిసి తగ్గేకొద్దీ మునుగుతుంది. నీటిలో వేస్తే 1.000 చూపించాలి, కానీ ఏ వేడి దగ్గర? దాని మీదే రాసి ఉంటుంది, చాలావాటికి 20 డిగ్రీలు. 28 డిగ్రీల నీటిలో వేస్తే అదే సాధనం 0.998 చూపిస్తుంది. బీరు చేసేటప్పుడు ఈ రెండు గీతల తేడాను లెక్కచేసేవాణ్ణి కాదు. ఒక గీత అంటే 0.001. ఇప్పుడు మన 0.5 శాతం హద్దే ఇంచుమించు మూడు గీతలు కాబట్టి రెండు గీతల తప్పు చాలా పెద్దది. మొదటి కొలత, చివరి కొలత ఒకే వేడి దగ్గర తీసుకోవాలి. 20 డిగ్రీలైతే మరీ మంచిది, డిసెంబరులో మాకు అది ఊరికే దొరుకుతుంది.

లోపలి కాగితం స్కేలు జారిందేమో కూడా చూడండి. 20 డిగ్రీల నీటిలో 1.004 చూపిస్తే స్కేలు జారినట్టే. కొత్తది కొనడమే మేలు.

అల్లం తోడు

పెరుగుకు తోడు ఎలాగో దీనికి ఇది అలా. అల్లం తొక్క మీదే ఈస్ట్ ఉంటుంది, దాన్ని మేపి పెంచుకోవడమే. అందుకే తొక్క తీయకూడదు. మట్టి పోయేలా కడిగితే చాలు. బజారులో తెల్లగా నున్నగా మెరిసే అల్లం కన్నా సంతలో దొరికే మురికి అల్లం నయం.

వెడల్పు మూతి గాజు సీసాలో అరలీటరు నీళ్లు పోయండి. కుళాయి నీళ్లయితే కాచి చల్లార్చాలి, లేకపోతే క్లోరిన్ ఈస్ట్‌ను చంపుతుంది. రెండు పెద్ద చెంచాల అల్లం తురుము, రెండు పెద్ద చెంచాల చక్కెర వేసి కలిపి, పల్చటి గుడ్డ కట్టండి. రోజూ ఒక్కో చెంచా అల్లం, చక్కెర వేసి కలుపుతూ ఉండాలి. 25 డిగ్రీల దగ్గర ఐదు నుంచి ఏడు రోజుల్లో నురగ కడుతుంది. సీసా దగ్గర చెవి పెడితే చిటపటలు వినిపిస్తాయి. మా చలికాలంలో పది పన్నెండు రోజులైనా కదలదు. నేను రాత్రిళ్లు ఫ్రిజ్ వెనుక వెచ్చగా ఉండే చోట పెట్టాను.

పైన తెల్లటి నురగ మంచిదే. బూజు, అంటే పచ్చగానో నల్లగానో వెంట్రుకల్లా వస్తే మొత్తం పారబోయాలి. పైది తీసేసి వాడుకుందామనే ఆలోచన వద్దు. నా మొదటి తోడు అలాగే పోయింది. మూడు రోజులు కలపడం మరిచిపోయాను.

నాలుగు లీటర్ల అల్లం బీరు

కావలసినవి: తురిమిన అల్లం 150 గ్రాములు, చక్కెర 300 గ్రాములు, నిమ్మకాయలు మూడు, చిటికెడు ఉప్పు, నీళ్లు నాలుగు లీటర్లు, వడకట్టిన తోడు 100 మిల్లీలీటర్లు. చక్కెరలో మూడోవంతుకు బదులు బెల్లం వేస్తే రంగు, రుచి రెండూ బాగుంటాయి. మొత్తం బెల్లమే వేస్తే అల్లం వెనక్కి పోతుంది, నాకు నచ్చలేదు.

ఒకటిన్నర లీటర్ల నీటిలో అల్లం, చక్కెర, ఉప్పు వేసి పావుగంట సన్నటి మంట మీద మరిగించండి. మూతపెట్టి అరగంట వదిలేయండి. కడిగి సిద్ధం చేసుకున్న డబ్బాలోకి వడకట్టి, మిగతా నీళ్లు కాచి చల్లార్చినవి పోయండి. నిమ్మరసం పిండండి. మొత్తం 25 డిగ్రీల లోపు దిగేదాకా తోడు వేయొద్దు. వేడిలో వేస్తే పది రోజుల శ్రమ ఒక్క నిమిషంలో చచ్చిపోతుంది.

తోడు కలిపాక కొంచెం తీసి హైడ్రోమీటర్ వేయండి. 1.026 నుంచి 1.028 మధ్య వస్తుంది. ఆ అంకె కాగితం మీద రాయండి. తేదీ, వేడి కూడా రాయండి. నేను రాయకుండా "గుర్తుంటుందిలే" అనుకున్న ప్రతిసారీ గుర్తులేదు.

పాత చేతికి ఇక్కడ చిన్న ఇబ్బంది వస్తుంది. బీరైతే డబ్బాలో పది పదిహేను రోజులు పూర్తిగా పులియనిచ్చి, తర్వాత సీసాల్లో పట్టేవాళ్లం. గ్యాస్ కోసం లీటరుకు 6, 7 గ్రాముల చక్కెర కలిపేవాళ్లం. అల్లం బీరులో మొదటి దశ ఉండదు. తోడు కలిపిన వెంటనే సీసాల్లో పోసేస్తాం. లీటరుకు 70 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అందులో 7 గ్రాములు మాత్రమే పులిశాక ఆపేస్తాం. అంకె పాతదే, కానీ అప్పుడు కొలిచి కలిపేవాళ్లం, ఇప్పుడు కనిపెట్టుకుని ఆపాలి.

ఆపకపోతే ఏమవుతుంది? మొత్తం చక్కెర పులిస్తే ఆల్కహాల్ నాలుగున్నర శాతం, అంటే అది బీరే. గ్యాస్ మామూలు బీరులో ఉండేదానికి ఏడు రెట్లు. ఏ సీసా కూడా అది ఆపలేదు. చట్టమూ, సీసా బలమూ రెండూ ఒకే చోట ఆగమంటున్నాయి.

7 గ్రాముల చక్కెర పులిస్తే ఆల్కహాల్ సుమారు 0.45 శాతం, హైడ్రోమీటర్ మీద మూడు గీతలకు కాస్త ఎక్కువ. మొదటి అంకె నుంచి చివరి అంకె తీసేసి 131తో గుణిస్తే శాతం వస్తుంది. 1.027 నుంచి 1.024కి దిగితే 0.003 ఇంటూ 131, అంటే 0.39. తోడులో కూడా కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి నేను మూడో గీత దాటనివ్వను. ఇంటి హైడ్రోమీటర్ ఒక గీత అటూఇటూ చూపించవచ్చు. అందుకే పిల్లలకు, గర్భిణులకు, ఒక్క చుక్క కూడా తాగమనే నియమం ఉన్నవాళ్లకు దీన్ని "సోడాయే" అని ఇవ్వొద్దు. ఉన్న సంగతి చెప్పండి.

సీసాలు

సోడా, కూల్‌డ్రింకు వచ్చే ప్లాస్టిక్ సీసాలే వాడండి. నీళ్ల సీసాలు పల్చన, పనికిరావు. గాజు సీసాలు ఫొటోకు బాగుంటాయి. నేనూ రెండోసారి మోజుపడి క్లిప్పు మూతల గాజు సీసాల్లో నింపాను. సాలూరులో పెళ్లికి వెళ్లి రెండు రోజుల తర్వాత వచ్చేసరికి ఒకటి పేలి ఉంది. గాజు ముక్క గ్యాస్ పొయ్యి వెనుక గోడ దాకా ఎగిరింది. ఆ సమయానికి వంటింట్లో ఎవరూ లేకపోవడం మా అదృష్టం. మా అమ్మ ఏమీ అనలేదు. మిగతా మూడు సీసాలనూ పెరట్లో పెట్టి, గోనెసంచి కప్పి, "నువ్వే తెరువు" అంది.

సీసా పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించండి. వేలితో నొక్కి చూడండి, లొట్ట పడుతుంది. 25 డిగ్రీల దగ్గర 24 నుంచి 48 గంటల్లో గట్టిపడుతుంది. రోజుకు రెండుసార్లు నొక్కి చూడాలి. తెరవని కూల్‌డ్రింకు సీసా ఎంత గట్టిగా ఉంటుందో అంత రాగానే అన్నిటినీ ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మేలో ఒక్కరోజు చాలు, జనవరిలో నాలుగైదు రోజులు పట్టింది.

కనీసం 12 గంటలు చల్లబడ్డాక, సింకు మీద పట్టుకుని మెల్లగా మూత తిప్పండి. ఒక గ్లాసు తీసుకుని, రెండు గ్లాసుల మధ్య పదిహేను ఇరవైసార్లు ఛాయ్‌వాలా లెక్కన తిరగబోసి గ్యాస్ పూర్తిగా పోగొట్టండి. అప్పుడే హైడ్రోమీటర్ వేయాలి. బుడగలు అంటుకుంటే అది పైకి తేలి ఎక్కువ అంకె చూపిస్తుంది, మీరు హద్దులోనే ఉన్నామని సంబరపడతారు. మళ్లీ మొదటి కొలత నాటి వేడికి రానిచ్చి చూడండి. నాలుగు గీతలు దిగి ఉంటే హద్దు దాటినట్టే. ఆ సరుకు పారబోసి, ఈసారి సీసాలను ఇంకాస్త ముందుగా ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

ఫ్రిజ్‌లో ఈస్ట్ చావదు, నిద్రపోతుంది. వారంలోపు తాగేయాలి. వానాకాలంలో మాకు ఒక్కోసారి రోజంతా కరెంటు ఉండదు. అప్పుడు సీసాలు మళ్లీ పులుస్తాయి. కరెంటు ఆరు గంటలు దాటి పోతే నేను మూతలన్నీ వదులుచేసి గ్యాస్ వదిలేస్తాను, ఆ రోజే చుట్టుపక్కల ఇళ్లకు పంచేస్తాను. పక్కింటి ఒడియా మావుసి "అదా సర్బత్" (అల్లం షర్బత్) అని పేరుపెట్టింది. కాస్తున్నాడనే అనుమానం పోయింది.

చోళ్లతో రెండో మెట్టు

అల్లం బీరు మూడుసార్లు కుదిరాక నాకు ధాన్యం మీదికి మనసు పోయింది. బీరులో అసలు పని అదే, మొలకెత్తిన గింజలోని పిండిని చక్కెరగా మార్చడం. బార్లీ మాకు దొరకదు. చోళ్లు, అదే రాగులు, ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంటాయి. కోరాపుట్ ఆదివాసీలు చోళ్లు, బియ్యంతో లాందా చేసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. చిరుధాన్యాల్లో పిండిని విరిచే ఎంజైములు చోళ్ల మొలకల్లో బాగానే ఉంటాయి. అయితే చోళ్ల పిండి బాగా వేడెక్కితే గానీ ఉబ్బి మెత్తబడదు, ఆ వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. ఈ చిక్కు విడగొట్టడమే ఇక్కడి పని.

అరకిలో చోళ్లు రాళ్లు ఏరి, నాలుగైదు నీళ్లు కడిగి, 12 గంటలు నానబెట్టండి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. తడిగుడ్డలో మూటకట్టి రెండు రోజులు ఉంచండి, ఎండిపోకుండా నీళ్లు చిలకరిస్తూ. మొలక వచ్చాక పల్చగా ఆరబోసి కరకరలాడేలా ఎండబెట్టి, చేతులతో నులిమి వేళ్లు రాల్చేయాలి. మూడొంతులు అలాగే ఉంచండి, ఎంజైములు ఉండేది అందులోనే. ఒక వంతు మాత్రం మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి, రంగూ రుచీ దాని నుంచి వస్తాయి. మరలో రవ్వగా పట్టించాలి. మెత్తటి పిండి చేస్తే తర్వాత వడకట్టలేక ఏడుస్తారు.

రెండు లీటర్ల నీళ్లను 50 డిగ్రీలకు వేడిచేసి 400 గ్రాముల రవ్వ కలపండి. ఇరవై నిమిషాలు కదపకుండా వదిలితే పైన తేట తేరుకుంటుంది. ఎంజైములు ఆ తేటలోకి దిగి ఉంటాయి. గరిటెతో మెల్లగా 700 మిల్లీలీటర్లు తీసి వేరే పెద్ద గిన్నెలో పెట్టండి. కింద మిగిలిన చిక్కటి ముద్దను అంబలిలా పది నిమిషాలు ఉడికించండి. గరిటె ఆపితే అడుగంటుతుంది. పొయ్యి దించి 80 డిగ్రీలకు దిగేదాకా ఆగండి.

ఇప్పుడు తేటలోకి అంబలి పోయాలి, అంబలిలోకి తేట కాదు. వేడి అంబలిలో తేట పోస్తే మొదట పడ్డ ఎంజైములు అక్కడికక్కడే చస్తాయి. గరిటెడు గరిటెడు అంబలి పోస్తూ కలిపితే మొత్తం 65 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. హాట్‌ప్యాక్ డబ్బాలో పోసి, దుప్పటి చుట్టి గంట ఉంచండి. అన్నంలాంటి చిక్కదనం పోయి నీళ్లలా పల్చబడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు ఆరేళ్ల విరామం నిజంగా ముగిసిందనిపించింది.

పని అయిందో లేదో తెలియడానికి తెల్లటి పళ్లెంలో ఒక చుక్క రసం వేసి, దాని మీద మందుల షాపు అయోడిన్ చుక్క వేయండి. నల్లటి నీలం వస్తే పిండి ఇంకా ఉంది, మరో అరగంట ఉంచాలి. గోధుమరంగే ఉంటే అయిపోయింది. ఆ పళ్లెంలోది మళ్లీ గిన్నెలో వేయొద్దు.

పల్చటి గుడ్డలో వడకట్టి, 100 గ్రాముల అల్లం తురుము వేసి ఇరవై నిమిషాలు మరిగించండి. మొలకల మీద పులుపు బ్యాక్టీరియా బోలెడు ఉంటుంది, ఈ మరుగు తప్పించుకుంటే రెండో రోజుకే పులిసిన అంబలి చేతికొస్తుంది. చల్లారాక హైడ్రోమీటర్ వేసి, కాచి చల్లార్చిన నీళ్లు కలుపుతూ 1.026 దగ్గరికి తెచ్చుకోండి. ఎన్ని లీటర్లు వస్తుందో ముందే చెప్పలేం, మొలక ఎంత బాగా వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. నాకు ఒకసారి మూడు లీటర్లు, ఒకసారి రెండున్నరే వచ్చింది. అక్కడి నుంచి తోడు, సీసా, వేలితో నొక్కడం, ఫ్రిజ్, అన్నీ అల్లం బీరు లెక్కే. అడుగున మడ్డి ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి సీసాను కదపకుండా పోసుకోవాలి, చివరి రెండు వేళ్ల ద్రవం సీసాలోనే వదిలేయాలి. మిగిలిన పిప్పిని మా ఎదురింటి వాళ్ల గేదె తింటుంది.